అంబాసిడర్ మార్క్ 3కి తెచ్చిన వెనక సీటు సెట్ అవ్వట్లేదు, పాత ఫ్రేముని తుక్కు ఇనుముకి వేసెయ్యొచ్చా?

వేదాయపాళెం_అంబీ
మాది 1978 మార్క్ 3, పెట్రోలు. నాన్న కొన్న బండి. ఇంజను, బ్రేకులు, బాడీ పని పోయిన ఏడాదే అయిపోయాయి. మిగిలింది లోపలి పని. తోటలో షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఎలుకలు వెనక సీటులో కాపురం పెట్టాయి. పైన రెగ్జిన్ బాగానే కనిపించింది. తిరగేసి చూస్తే కొబ్బరి పీచు పొడి పొడి, గోనె పట్టా పీలికలు, కొన్ని స్ప్రింగులు విరిగి ఉన్నాయి.

బాగు చేయించడం కంటే ఇంకో సీటు తేవడమే తేలిక అని అందరూ అంటే చెన్నై పుదుపేటలో ఒక షాపు నుంచి కింది కుషను, బ్యాక్ రెస్టు రెండూ తెచ్చాను. అంబాసిడర్‌దే, కాకపోతే తర్వాతి డీజిల్ బండిది అన్నాడు. బండిలో పెట్టి చూస్తే కుషను ముందు అంచు అంగుళంన్నర లేచి ఉంటోంది. బ్యాక్ రెస్టు పైన కొక్కేలు తగులుకుంటున్నాయి గానీ కింద బోల్టు హోల్స్ కలవడం లేదు, ఎడమ వైపు వేలెడు తేడా. ఎడమ వెనక డోరు వేస్తే సీటు మూలకి రాసుకుంటోంది.

సీటు కుట్టే ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, బండి రేకుకి కొత్త హోల్స్ వేసి బిగించేద్దాం. రెండు, ప్లైవుడ్ చెక్క మీద ఆరంగుళాల స్పాంజి పెట్టి కుట్టేస్తా, ఈ రోజుల్లో స్ప్రింగులు ఎవరు వాడతారు సార్ అని. ఎట్టా చేసినా పాత ఫ్రేము ఇనుముకి వేసెయ్యమంటున్నాడు. నాన్నకి డెబ్బై దాటాయి, నడుము నొప్పి. ఆయన్ని ఈ బండిలోనే పెంచలకోన తీసుకెళ్ళాలి. ఏం చెయ్యమంటారు?

కావలి_డీజిల్
పాత ఫ్రేము ఇప్పుడు ఎక్కడుంది అన్నా? అది ముందు చెప్పు.

వేదాయపాళెం_అంబీ
సీటు షాపు బయట గోడకి ఆనించి ఉంది.

కావలి_డీజిల్
ఇవాళే పోయి తెచ్చుకో. షాపు ముందు పడేసిన ఇనుము సాయంత్రం దాకా ఉండదు. మిగతా మాటలు ఆ తర్వాత.

గూడూరు_నిమ్మతోట
ఇంత కష్టం దేనికి? యాక్సిడెంట్ అయిన కొత్త సెడాన్ బండి వెనక సీటు ఒకటి తెచ్చి పెట్టించుకో. హెడ్ రెస్టులు వస్తాయి, మధ్యలో ఆర్మ్ రెస్టు వస్తుంది. మా బావమరిది తన అంబాసిడర్‌కి అట్టాగే పెట్టించాడు, సోఫాలో కూర్చున్నట్టే ఉంది. నాన్నగారికి నడుము నొప్పి అంటున్నావు కదా, కొత్త సీట్లలో నడుము దగ్గర ఆసరా బాగుంటుంది.

మార్క్2_మేష్టారు
నిమ్మతోట గారి సలహా ఒప్పుకోలేను. కొత్త బండి వెనక కుషను దాని రేకు ఆకారానికి తగ్గట్టు పోత పోసిన స్పాంజి. కింద ఆ బండి రేకు ఉంటేనే అది నిలబడుతుంది. అంబాసిడర్‌లో పెట్టాలంటే కింద యాంగిల్ ఫ్రేము వెల్డింగ్ చెయ్యాలి, వీల్ ఆర్చ్‌ల దగ్గర కొయ్యాలి, పక్కన మిగిలిన సందులు మళ్ళీ స్పాంజితో పూడ్చాలి. ఇంత చేశాక సీటు ఎత్తు మారిపోతుంది. పెద్దవాళ్ళు అంబాసిడర్‌ని ఇష్టపడేదే ఆ ఎత్తు కోసం. వంగకుండా కూర్చుంటారు, మోకాళ్ళ మీద బరువు పడకుండా లేస్తారు.

అంబీ బాబూ, కొత్త హోల్స్ మాట కాసేపు పక్కన పెట్టు. ముందు ఇవి చూసి చెప్పు. బ్యాక్ రెస్టు ముందు పెట్టావా, కుషను ముందు పెట్టావా? బ్యాక్ రెస్టు పైన కొక్కేలకి తగిలించి, కింద బోల్టులు వదులుగా పట్టించి, ఆ తర్వాతే కుషను వెనక్కి నెట్టి ముందు అంచు కిందికి దించాలి. కుషను ముందు పెడితే బ్యాక్ రెస్టు కింది అంచుకి చోటు ఉండదు. రెండోది, సీటు కింద రేకు మీద ఏమైనా పరిచారా? మూడోది, తెచ్చిన సీటు ఇంతకు ముందు ఎవరైనా మళ్ళీ కుట్టించిందా?

వేదాయపాళెం_అంబీ
ఫ్రేము ఇంటికొచ్చేసింది, కావలి అన్నకి థ్యాంక్స్. నిజంగానే సామాన్లవాడి బండి షాపు ముందు ఆగి ఉంది.

మేష్టారూ, బ్యాక్ రెస్టే ముందు పెట్టాను. రేకు మీద బాడీ పని చేసిన షెడ్డు వాళ్ళు సౌండు తగ్గడానికి నల్ల షీటు ఒకటి అతికించి, దాని మీద మందంగా ఫెల్టు పరిచారు. తెచ్చిన సీటు మళ్ళీ కుట్టించిందే, రెగ్జిన్ కొత్తది.

మైపాడు_గాలి
ఆ షీటు కింద ఏముందో చూశావా? సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఇదే అసలు జబ్బు. సీటు కింద రేకులో నీళ్ళు పోవడానికి పెట్టిన హోల్స్‌కి రబ్బరు బిరడాలు ఉంటాయి. వాటి మీద కూడా షీటు అతికించేస్తే డోరు రబ్బర్ల నుంచి, వెనక అద్దం బీడింగు నుంచి దిగిన వాన నీళ్ళు అక్కడే నిలబడతాయి. ఫెల్టు ఆ తడిని పట్టుకుని వదలదు. పైన సీటు ఉంది కాబట్టి ఎవరికీ కనపడదు. మా బాబాయి పద్మిని కారులో స్క్రూడ్రైవరుతో పొడిస్తే కింద రోడ్డు కనిపించింది.

పద్మిని_పొదిలి
పద్మిని మాట వచ్చింది కాబట్టి వచ్చాను. మా బండికి పొదిలి గాలి తప్ప సముద్రం గాలి తగల్లేదు, రేకు ఇనుప బీరువాలా ఉంది. తీరం వాళ్ళు చేపలు తినండి, బళ్ళు మాకు పంపండి.

మైపాడు_గాలి
చేపల పులుసుకి వచ్చినప్పుడు బండి ఇంటి దగ్గర పెట్టి బస్సులో రా అన్నా.

ఒంగోలు_లేత్
సీటు మళ్ళీ కుట్టించింది అన్నావు, ఎడమ వైపు మాత్రమే తేడా అన్నావు, ఎడమ డోరే రాసుకుంటోంది అన్నావు. ఫ్రేము మెలి తిరిగి ఉంటుందని నా అనుమానం. పాత బండి ముక్కలు చేసేటప్పుడు సీట్లు బోల్టు తిప్పి తియ్యరు, గడ్డపారతో పెకిలిస్తారు. ఒక మూల వంగిపోతుంది. దాని మీద కొత్త రెగ్జిన్ కుట్టేస్తే బయటికి తెలియదు.

ఇంట్లో చదునైన చోట, గ్రానైటు బండ ఉంటే ఇంకా మంచిది, ఫ్రేము బోర్లా పెట్టు. నాలుగు మూలలూ ఆనాలి. ఒక మూల లేస్తే మెలి ఉన్నట్టు. తర్వాత టేపుతో మూల నుంచి మూలకి అడ్డంగా రెండు వైపులా కొలువు. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా వస్తే ఫ్రేము ఒరిగినట్టు. పాత ఫ్రేముకి కూడా ఇదే చెయ్యి, రెండూ పక్క పక్కన పెట్టి చెప్పు.

ఇంకో మాట. బోల్టులు ఏం వాడుతున్నావు?

వేదాయపాళెం_అంబీ
పాతవి తుప్పు పట్టాయని హార్డ్‌వేర్ షాపులో 8 ఎం.ఎం. బోల్టులు తెచ్చాను. కుడి వైపు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. రేపు గట్టిగా తిప్పి చూద్దామనుకుంటున్నాను.

ఒంగోలు_లేత్
వద్దు వద్దు. తిప్పకు. వెనక్కి తీసెయ్యి.

అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి. ఆ కాలం బ్రిటిష్ బళ్ళ మరలు అంగుళాల లెక్క, యు.ఎన్.ఎఫ్. మర. 5/16 బోల్టు మందం 7.94 ఎం.ఎం., అంటే చూడటానికి 8 ఎం.ఎం. లాగే ఉంటుంది. కానీ 5/16 యు.ఎన్.ఎఫ్.కి అంగుళానికి 24 మరలు. మామూలు 8 ఎం.ఎం. బోల్టుకి ఒక్కో మర 1.25 ఎం.ఎం., అంటే అంగుళానికి సుమారు 20. మొదటి రెండు చుట్లు తిరుగుతుంది, అక్కడి నుంచి లోపలి నట్టు మరని కోసుకుంటూ పోతుంది. ఆ నట్టు రేకు వెనక వెల్డింగ్ చేసి ఉంటుంది, ఊడితే పట్టుకోవడానికి చెయ్యి పోదు. పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని మిషనరీ బోల్టులు అమ్మే షాపుకి పో. కొత్తది పాతదాని పక్కన పెట్టి మర మీద మర ఆనించి చూడు. దొరక్కపోతే పాతవే కిరోసిన్‌లో నానబెట్టి, వైరు బ్రష్ కొట్టి వాడుకో.

పద్మిని_పొదిలి
ఈ బాధ మాకు లేదు. ఫియట్ కాబట్టి మాదంతా మిల్లీమీటర్లే.

కావలి_డీజిల్
పొదిలి అన్నకి ఏ బాధా ఉండదు, విడిభాగాలు దొరక్కపోవడం తప్ప.

వేదాయపాళెం_అంబీ
లేత్ అన్న చెప్పినట్టే కొలిచాను. తెచ్చిన కుషను ఫ్రేము బండ మీద పెడితే ఎడమ ముందు మూల ముప్పావు అంగుళం లేచింది. మూల నుంచి మూలకి తేడా అంగుళం పైనే. మా పాత ఫ్రేము తుప్పు పట్టి ఉంది గానీ నాలుగు మూలలూ ఆనుతున్నాయి, రెండు కొలతలూ ఒకటే.

నల్ల షీటు కూడా ఒక మూల ఎత్తాం. మైపాడు అన్న చెప్పింది నిజం. కింద తడి, మట్టి వాసన. ఎడమ వైపు అరచేయంత మేర రేకు పొరలు పొరలుగా లేచి వస్తోంది. కన్నం ఇంకా పడలేదు. సీటు పని ఆపి ముందు ఇది చేయించాలా?

మార్క్2_మేష్టారు
ముందు అదే చేయించాలి. దాని మీద సీటు పెడితే మళ్ళీ ఎవరూ తియ్యరు, రెండేళ్ళకి కన్నం పడుతుంది. షీటు మొత్తం పీకించు. వేడి గాలి తగిలిస్తే తేలిగ్గా వస్తుంది. పొరలు లేచిన చోట తట్టి చూడు, ఖంగుమంటే వైరు బ్రష్, రెడ్ ఆక్సైడు, దాని మీద పెయింటు చాలు. మెత్తగా ధబ్బుమంటే ఆ ముక్క కోసి కొత్త రేకు వెయ్యాల్సిందే. కుషను ముందు అంచు అంగుళంన్నర లేవడానికి లెక్క కూడా దొరికింది. ముప్పావు అంగుళం మెలి, మిగతాది షీటూ ఫెల్టూ కలిసి. మనం చూసిన సందుకి బండి కారణం కాదు. రేకుకి కొత్త హోల్స్ వేసి ఉంటే ఒంకర ఫ్రేము కోసం తిన్నగా ఉన్న బండిని పాడు చేసినట్టయ్యేది.

చీమకుర్తి_నల్లరాయి
వెల్డింగ్ చేయిస్తే జాగ్రత్త. వెనక పెట్రోలు ట్యాంకు ఉంది. ట్యాంకు విప్పి బయట దూరంగా పెట్టించాకే వెల్డింగ్ మిషను ఆన్ చెయ్యనివ్వు. ట్యాంకు ఖాళీ చేశాం కదా అంటారు, ఒప్పుకోవద్దు. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ వైర్లు తీసెయ్యాలి. స్పాంజి, రెగ్జిన్, ఫెల్టు ఏదీ బండిలో ఉండకూడదు. పక్కన ఇసుక బకెట్టు, ఒక మనిషి ఉండాలి.

కోవూరు_కుషన్_వర్క్స్
నేను సీటు పనే చేస్తాను, చిన్నప్పటి నుంచి ఇదే. ఇక్కడ మా వృత్తి వాళ్ళని అంటున్నారు కాబట్టి రాస్తున్నాను. ప్లైవుడ్ మాట చెప్పిన ఆయన మోసం చెయ్యడానికి చెప్పలేదు. స్ప్రింగు సీటు కట్టడానికి ఓపిక కావాలి, రోజంతా పడుతుంది, అంత డబ్బు ఇచ్చే కస్టమరు తక్కువ. అందుకని అందరూ స్పాంజికి మళ్ళారు. కానీ మీ బండికి ప్లైవుడ్ వద్దు. దానికి కారణం చెప్తాను.

స్ప్రింగు సీటు ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తుగా కనిపిస్తుంది, మనిషి కూర్చుంటే రెండు మూడంగుళాలు దిగుతుంది. ఆ దిగే లెక్క చూసే సీటు ఎత్తు పెట్టారు. చెక్క మీద గట్టి స్పాంజి పెడితే అంత దిగదు, పొడుగు మనిషికి తల పైకప్పుకి తగులుతుంది. మెత్తది పెడితే కొన్నాళ్ళకి అణిగిపోయి చెక్క తగులుతుంది. నడుము నొప్పి ఉన్న మనిషికి రెండూ మంచివి కావు. ఇంకొకటి, చెక్కకి కింద గాలి ఆడదు. తడి పట్టిందంటే స్పాంజి అడుగు నల్లబడిపోతుంది.

మీ పాత ఫ్రేము తిన్నగా ఉంది. తెచ్చిన సీటులో స్ప్రింగులు బాగుంటే అవి తీసి మీ ఫ్రేముకి మార్చండి. ముందు ఫ్రేము మొత్తం వైరు బ్రష్ కొట్టి రెడ్ ఆక్సైడు వెయ్యండి. స్ప్రింగు ఫ్రేముకి పట్టుకునే చోట పాత ట్యూబు రబ్బరు ముక్క పెడితే కిర్రుమనదు. స్ప్రింగుల మీద గోనె పట్టా బాగా లాగి కట్టాలి. అది వదులుగా ఉంటే స్ప్రింగు పైకి పొడుచుకొచ్చి స్పాంజిని కోసేస్తుంది. దాని మీద రబ్బరు కలిపిన కొబ్బరి పీచు షీటు ఒక అంగుళం. దాని మీద స్పాంజి, కింద గట్టిది పైన మెత్తది. పల్చగా దూది. ఆ పైన రెగ్జిన్.

గూడూరు_నిమ్మతోట
కొబ్బరి పీచు పెడితే మళ్ళీ ఎలుకలు రావా?

కోవూరు_కుషన్_వర్క్స్
ఎలుకకి పీచైనా స్పాంజైనా ఒకటే, గూడు కట్టుకోవడానికే కొరుకుతుంది. బండి వాడుతూ ఉంటే రాదు. నిలబెట్టే బండికి సీటు అడుగున సన్న కన్నాల ఇనుప జాలీ కట్టించుకుంటే సరిపోతుంది. గాలి ఆడుతుంది, ఎలుక దూరదు.

స్పాంజి_డౌటు
స్పాంజి 40 డెన్సిటీ అంటారు కదా, అంటే గట్టిది అనేనా?

కోవూరు_కుషన్_వర్క్స్
షాపుల్లో అట్టాగే అంటారు, అది తప్పు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు ఉంటుంది అని. 40 అంటే 40 కిలోలు. అదే 40లో మెత్తదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం అణగకుండా ఉంటుంది, అంతే. కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడటం కాదు, మోకాలు ఆనించి బరువు వేసి చూడండి. వదిలితే వెంటనే లేవాలి. మన వేడికి, ఉక్కకి తక్కువ రకం స్పాంజి కొన్నేళ్ళకి పసుపు పొడిలా రాలుతుంది.

స్టోన్‌హౌస్‌పేట_అక్క
కుట్టేటప్పుడు రెగ్జిన్ ఫ్రేముకి దేనితో కడుతున్నారో దగ్గరుండి చూసుకోండి తమ్ముడూ. మా బండికి సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైరుతో కట్టారు. కొన్నాళ్ళకి వైరు కొసలు కుషను ముందు అంచు నుంచి బయటికి వచ్చాయి. పెళ్ళికి పోతుంటే అమ్మ వెంకటగిరి చీర అంచు పట్టుకుని జరీ అంతా లేచిపోయింది. ఆ చీర మళ్ళీ కట్టుకోలేదు. హాగ్ రింగులు అని దొరుకుతాయి, ప్లయరుతో నొక్కితే గుండ్రంగా మూసుకుంటాయి, కొసలు బయటికి రావు.

రెగ్జిన్ రంగు కూడా చెప్తాను. నల్లది వద్దే వద్దు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బండి ఎండలో పెట్టి వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. లేత రంగు వేయించి పైన తెల్ల టర్కీ టవల్ కవర్లు వెయ్యండి, కలెక్టరు ఆఫీసు అంబాసిడర్లకి ఉండేవి చూడండి, అట్టాంటివి. నాన్నగారికి చల్లగా ఉంటుంది, చెమటకి జారిపోరు.

కోవూరు_కుషన్_వర్క్స్
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. రింగులు వాడని వాళ్ళ దగ్గర కుట్టించొద్దు. రోహిణి ఎండ మాకు పనికొస్తుంది. కుట్టిన రెగ్జిన్ కవరు గంట సేపు ఎండలో పెడితే మెత్తబడి సాగుతుంది, వేడి మీదే ఫ్రేముకి లాగి బిగిస్తాం. చల్లబడ్డాక డోలు చర్మంలా బిగుస్తుంది. ముడతలు రావు.

టంగుటూరు_టాప్‌గేర్
అందరూ సీటు గురించే మాట్లాడుతున్నారు. బెల్టుల సంగతేంటి? 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు యాక్సిడెంట్‌లో పోయింది వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చునే కదా. పని ఎట్టాగూ జరుగుతోంది, ఇప్పుడే పెట్టించెయ్యి.

గూడూరు_నిమ్మతోట
78 బండికి వెనక బెల్టులు ఎవరు అడుగుతారు? బెల్టులతో వచ్చిన బండికే రూలు. అసలు అందం పోతుంది.

టంగుటూరు_టాప్‌గేర్
పోలీసు అడుగుతాడని కాదు అన్నా చెప్పేది. డెబ్బై దాటిన మనిషి వెనక కూర్చుంటున్నాడు. ఎదురుగా హైవే, లారీలు. సడన్ బ్రేకు వేస్తే ముందు సీటుకి కొట్టుకుంటారు. అందం ఎక్కడికి పోతుంది, వాడనప్పుడు సీటు సందులోకి తోసెయ్యొచ్చు.

ఒంగోలు_లేత్
టాప్‌గేర్ వైపే నా ఓటు. కానీ పెట్టే పద్ధతి తెలియకపోతే పెట్టకపోవడమే మేలు. బెల్టు సీటు ఫ్రేముకి కట్టకూడదు. మన సీటు కొక్కేలకి వేలాడేది, ఊడి మనిషి మీదకే వస్తుంది. బెల్టు బోల్టు 7/16 యు.ఎన్.ఎఫ్., అంగుళానికి 20 మరలు, ప్రపంచమంతా దాదాపు ఇదే సైజు. గట్టి రేకు ఉన్న చోట, కింద నుంచి మూడు ఎం.ఎం. ఇనుప ప్లేటు పెట్టి ఆ ప్లేటుకి నట్టు వెల్డింగ్ చేయించాలి. ఉత్త వాషరు పెడితే గుంజినప్పుడు రేకు చింపుకుని బయటికి వస్తుంది. తుప్పు పట్టిన ఎడమ వైపు కొత్త రేకు పడ్డాకే ఈ పని. ట్యాంకు బయట ఉన్నప్పుడే రెండూ కలిపి చేయించేసుకో.

మార్క్2_మేష్టారు
నేను హోల్స్ వద్దన్నది సీటు కోసం. బెల్టు కోసం అయితే నాకు అభ్యంతరం లేదు. మా మనవరాలు పుట్టాక నా బండికీ పెట్టించాను.

ఆర్సీ_కార్డు
ఒక సంగతి. 78 బండి కాబట్టి 2028లో 50 ఏళ్ళు నిండుతాయి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి రూలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండికి వి.ఎ. అక్షరాలతో వేరే నంబరు తీసుకోవచ్చు, ఫీజు 20,000, పదేళ్ళకి. చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. సీటుకి రెగ్జిన్ మార్చినా, లోపల స్పాంజి మార్చినా ఇబ్బంది లేదు. నిమ్మతోట గారు చెప్పినట్టు రేకు కోసి వేరే బండి సీటు పెడితే అప్పుడు ప్రశ్నలు వస్తాయి. మామూలు ఆర్సీకి కూడా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్య మారేలా ఏదీ చెయ్యకూడదు, బెంచి సీటు తీసి విడి సీట్లు రెండు పెట్టడం లాంటివి.

కావలి_డీజిల్
వి.ఎ. నంబరు తీసుకుంటే పెంచలకోన పోవచ్చా?

ఆర్సీ_కార్డు
రోజువారీ వాడకానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, రిపేర్లు, అంతే. నాన్నగారిని తిప్పాలంటే మామూలు ఆర్సీ ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ పోవడమే మంచిది. అంబీ గారూ, తొందరపడి వి.ఎ.కి మారకండి.

చీమకుర్తి_నల్లరాయి
సీటు కింద స్ప్రింగుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, దాని బ్యాటరీ వెనక సీటు కిందే ఉంటుంది. సీటు స్ప్రింగులు దిగి బ్యాటరీ టెర్మినల్‌కి తగిలితే నిప్పు అంటుకుంటుంది. బ్యాటరీ మీద మూత లేకుండా సీటు పెట్టొద్దు. అంబాసిడర్‌కి ఈ భయం లేదు, బ్యాటరీ బానెట్ కింద ఉంది. కానీ కొందరు స్టీరియో యాంప్లిఫయరు తెచ్చి సీటు కింద పెడతారు, వైర్ల మీద స్ప్రింగు రుద్దుకుంటుంది. అదీ వద్దు.

వేదాయపాళెం_అంబీ
అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది, మధ్యలో పని నడుస్తూ ఉండి రాయలేకపోయాను.

రేకు తట్టి చూస్తే ఎడమ మూల ధబ్బుమంది. ట్యాంకు విప్పించి, ఆ ముక్క కోయించి కొత్త రేకు వేయించాను. పక్కనే బెల్టుల ప్లేట్లు కూడా వెల్డింగ్ అయ్యాయి. నీళ్ళు పోయే హోల్స్‌కి కొత్త రబ్బరు బిరడాలు దొరికాయి. షీటు మళ్ళీ వెయ్యలేదు, పెయింటు మాత్రమే.

తెచ్చిన సీటు విప్పితే లోపల ఎడమ మూల ఫ్రేము కడ్డీ వంగి, దాని మీద వెల్డింగ్ అతుకు కూడా ఉంది. ఆ అతుకు కనపడకుండా రెండు పొరల స్పాంజి చుట్టారు, డోరుకి రాసుకున్నది అదే. స్ప్రింగులు మాత్రం బాగున్నాయి. మంచివి ఏరి మా పాత ఫ్రేముకి మార్పించాను. కోవూరు అన్న చెప్పిన వరసలోనే గోనె పట్టా, పీచు, స్పాంజి, దూది. రింగులతోనే కట్టారు, నేను పక్కనే కూర్చున్నాను. బ్యాక్ రెస్టుకి కూడా పాత ఫ్రేమే వాడాం. కొక్కేలకి తగిలించి కిందికి వదిలితే బోల్టు హోల్స్ నట్టు మీదకి వచ్చి ఆగాయి, టార్చి వేసి చూస్తే లోపల మర కనిపిస్తోంది. పాత 5/16 బోల్టు రెండు వేళ్ళతోనే తిరిగింది. కుడి వైపు ఒక్కటే, నేను 8 ఎం.ఎం. పెట్టిన చోట, కొంచెం బిగువుగా ఉంది. కుషను వెనక్కి నెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది.

నాన్న ఎక్కి కూర్చుని మోకాలి కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పాదాలు రెండూ నేలకి ఆనాయి. తలకీ పైకప్పుకీ మధ్య అరచెయ్యి పడుతోంది. రెగ్జిన్ లేత బిస్కెట్ రంగు, పాత సీటు మీద ఉన్న నిలువు గీతల డిజైనే. టర్కీ కవర్లు కుట్టడానికి ఇచ్చాం అక్కా.

స్టోన్‌హౌస్‌పేట_అక్క
ఫొటో పెట్టు తమ్ముడూ, డోరు తీసి పక్క నుంచి తియ్యి, సీటు మొత్తం కనపడాలి.

గూడూరు_నిమ్మతోట
బాగా వచ్చింది, సంతోషం. మా బావమరిది సీటు కూడా బాగానే ఉంది అని మాత్రం మళ్ళీ చెప్తున్నా.

పద్మిని_పొదిలి
బావమరిది బండిలో వెనక కూర్చుని తల ఎత్తి చూడమను, పైకప్పు ఎంత దూరంలో ఉందో.

గూడూరు_నిమ్మతోట
వాడు పొట్టివాడు, తగలదు.

ఒంగోలు_లేత్
కుడి వైపు బిగువుగా తిరుగుతున్న ఆ నట్టుని అట్టా వదలొద్దు అంబీ. మర కొంచెం దెబ్బతింది. 5/16 యు.ఎన్.ఎఫ్. ట్యాపు, అంటే నట్టు లోపల మర కోసే పనిముట్టు, చుక్క నూనె వేసి ఒకసారి దింపితే సాఫు అవుతుంది. సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పో. ట్యాపు నా దగ్గర ఉంది, నెల్లూరు వచ్చే మనిషి ఉంటే పంపిస్తాను.

కావలి_డీజిల్
నేను రేపు ఒంగోలులోనే ఉంటాను, సాయంత్రం నెల్లూరు పోవాలి. నేను తెస్తా. అంబీ అన్నా, ఆ చెన్నై బ్యాక్ రెస్టు ఫ్రేము నీకు ఇంక పనికి రాదు కదా? మా బండికి పైన కొక్కేలు రెండూ విరిగిపోయాయి. అవి కోసుకుని వాడుకుంటా, ఎంతో చెప్పు.

వేదాయపాళెం_అంబీ
డబ్బులు వద్దు అన్నా, ట్యాపు తెచ్చి ఫ్రేము తీసుకెళ్ళు. కింది కుషనులో కూడా నాలుగైదు స్ప్రింగులు మిగిలాయి, పాత ట్యూబు రబ్బరు ఉంది, అన్నీ కలిపి కట్టి పెడతా. ఏడు దాటాక రా, అప్పటికి ఇంట్లో ఉంటా.